ఓణీల వీడియోలో నీమా

హారిక ఓణీల ఫంక్షన్ వీడియోలో, పై వాటాలో అద్దెకుండే నీమా కనిపించేది కాసేపే. పట్టుచీర కట్టుకుని, గుప్పిట్లో అక్షింతలతో స్టేజీ ఎక్కుతుంది. స్టూడియో సుభానీ అలవాటు కొద్దీ అందరి ముఖాలూ తెల్లగా చేశాడు. నీమా ముఖం బూడిద రంగుకు తిరిగింది. పైగా సరదాగా ఉంటుందని, సినిమాల్లో అడవి మనుషులు వచ్చేటప్పుడు మోగే డోళ్ల చప్పుడు ఆమె నడకకు తగిలించాడు.

ఇప్పుడా ముక్కే భోజనాల బల్ల మీద లాప్‌టాప్‌లో ఆడుతోంది. టాంజానియా నుంచి గుంటూరు వచ్చి చదువుకుంటున్న నీమా, నల్లవాళ్లను తెరల మీద ఎలా చూపిస్తారో చెబుతూ ఒక వీడియో చేసింది, అందులో ఈ ముక్కా ఉంది. రేపు కాలేజీ ప్రదర్శనలో గోడంత పెద్దదిగా వేస్తారు. ఫంక్షన్ వీడియో కావాలని ఆమె అడిగిన రోజు, ఎందుకని కూడా అడగకుండా పెన్‌డ్రైవ్ ఇచ్చింది హారిక తల్లి నాగజ్యోతి.

డోళ్లు ఆగాయి. తెర మీద ఇదే హాలు. ఇంటిల్లిపాదీ టీవీలో ఫంక్షన్ వీడియో చూస్తుంటే, ఆ సాయంత్రం నీమా ఫోన్‌లో తీసింది. నీమా నడక దగ్గర అందరూ నవ్వుతున్నారు. అందరికన్నా ఎక్కువగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాగజ్యోతి.

ఆ రోజు నీమా కూడా నవ్విందనే నాగజ్యోతి ఇన్నాళ్లూ అనుకుంది. చెవి పెట్టి విన్నది. ఫోన్ వెనక నుంచి ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

మిర్చియార్డు నుంచి అప్పుడే వచ్చిన ఆమె భర్త రామాంజనేయులు చొక్కా కూడా మార్చుకోలేదు.

"మా ఇంట్లో ఉంటూ మా పరువే తీస్తావా అమ్మా? అది తీసెయ్. లేదా గది ఖాళీ చెయ్."

నీమా లాప్‌టాప్ దగ్గరకు జరిగింది. "తీసేస్తే నా వీడియోలో ఏమీ ఉండదు అంకుల్. ముఖాలు బ్లర్ చేస్తాను. ఆంటీ చెప్పాలి."

ఒక మీట నొక్కింది. వార్తల్లో దొంగలకు చేసినట్టు నాగజ్యోతి ముఖం చెదిరిపోయింది. గాజుల చెయ్యి, నవ్వు మాత్రం అలాగే ఉన్నాయి. ఎవరో ఒకావిడ నవ్వుతోంది, అంతే.

భర్త ఆమె వైపే చూస్తున్నాడు. నీమా తెర వైపు చూస్తోంది.

"హారికది మూసెయ్యమ్మా, చిన్నపిల్ల," అంది నాగజ్యోతి. "నాది ఉంచు."

రామాంజనేయులు ఏదో అనబోయాడు. గది సంగతి రేపు ఆ ప్రదర్శన చూసి వచ్చాక మాట్లాడుకుందామని, తనతో ఆయన కూడా రావాలని చెప్పి ఆమె ఫోన్ తీసింది.

"సుభానీ, రేపు కాలేజీకి రా. నువ్వు చేసిన వీడియో వేస్తున్నారు."