ఎడమచేతి అంచు

కునిగుండ మరో బుట్టను ఒళ్లో పెట్టుకుని అడుగున వేళ్లు పోనిచ్చింది. సన్నగా, గొట్టంలా ఉంది. చిన్న ఫిరంగి గుండుది. పక్కకు పెట్టింది. తరవాతిది లావుపాటిది, రెండు పిడులది. పెద్ద ఫిరంగిది. జర్మన్ సైన్యం గుండ్లు మోసుకెళ్లి ఖాళీగా తిప్పిపంపిన బుట్టల్లో ఏది ఏ గుండుదో గుర్తుపట్టి వేరు చేయడం పగలు ఊరి షెడ్డులో ఆమె పని; రాత్రిళ్లు అందరిలాగే ఇంట్లో అల్లేది. మైన్ నది ఒడ్డున మాది బుట్టలల్లే ఊరు. ఒకప్పుడు రొట్టెలకు అల్లేవాళ్లం, యుద్ధమొచ్చాక గుండ్లకు అల్లుతున్నాం.

వేళ్ల కణుపులు వాచిపోయాయి. చలికి పగిలిన బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. మొగుడు పోయాక ఇంట్లో ఉండేది ఆమె, ఒక మేక. మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంప ఉప్పద్దుకుని తిని మళ్లీ పనిలో కూర్చుంది.

అప్పుడొచ్చాడు, సైన్యానికి సరుకులు తనిఖీ చేసే ఆఫీసు ఇన్‌స్పెక్టర్. కుప్పలోంచి ఒక బుట్ట తీసి, వెంట తెచ్చిన గుండు అందులో పెట్టి ఊపాడు. అది గడగడలాడింది.

“కావాలని వదులుగా అల్లారు. ఇది దేశద్రోహం. ఎవరిదిది?”

కావాలనట! కోసిన విల్లో చెట్టు కొమ్మను ఎండబెట్టి, నానబెట్టి అల్లాలని మా ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. పచ్చి కొమ్మతో అల్లితే ఆరాక సన్నబడి బుట్ట వదులవుతుంది. వ్యవధి లేదు, పచ్చివే అల్లండని హుకుం వేసింది వీళ్ల ఆఫీసే. ఆ చలికాలం అల్లిన బుట్టలన్నీ వదులే. ఆయనకు కావలసింది ఒక పేరు, అంతే.

అంచు చూడగానే షెడ్డులో అందరికీ తెలిసిపోయింది. అల్లిక ఎడమకు తిరిగింది. ఊళ్లో ఎడమచేత్తో అల్లేది బాబెట్ ఒక్కతే. మొగుడు యుద్ధంలో ఉన్నాడు, ఇంట్లో ముగ్గురు పిల్లలు. కునిగుండ పక్కనే కూర్చున్న బాబెట్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఫోర్‌మన్ అంద్రేస్ నసిగాడు. “ఎవరిదో చెప్పేయండమ్మా. లేకపోతే అందరి మెడకీ చుట్టుకుంటుంది.”

“పచ్చి కొమ్మలు తెచ్చి మా గుమ్మాల్లో పడేసింది నువ్వు కాదురా? ఆ ముక్క చెప్పడానికి నోరు రాదేం?” అని లేచింది కునిగుండ.

“అది కాదు నేనడిగింది, ముసలమ్మా. ఈ బుట్ట ఎవరిది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నాదే. పచ్చి కొమ్మతో బిగువుగా అల్లే మొనగాడు మీ ఆఫీసులో ఉంటే పంపండి, చూస్తాం.”

“అక్కా...” అంది బాబెట్.

“నోర్ముయ్‌వే. నీ పని నువ్వు చూసుకో.”

అంద్రేస్ ఆ అంచుకేసి చూశాడు. చూసి కూడా, అవును ఆమెదేనని తలూపాడు. ఛీ, ఏం మనిషి! ఇన్‌స్పెక్టర్‌కు కుడేదో ఎడమేదో అక్కర్లేకపోయింది. శాలువా తెచ్చుకుంటానన్నా వినకుండా ఆమెను లారీ ఎక్కించారు. మేకను బాబెట్ తన ఇంటికి తోలుకుపోయింది.

మంచు కరిగే రోజుల్లో, కునిగుండ జైల్లో జ్వరమొచ్చి పోయిందని కబురొచ్చింది. ఆ వెనకే అమెరికా సైన్యం ఊళ్లోకి దిగింది. ఇన్‌స్పెక్టర్ ఎటో జారుకున్నాడు. ఏ బుట్ట గురించీ ఆయన్ను ఎవరూ నిలదీయలేదు. అంద్రేస్ ఇప్పటికీ ఫోర్‌మనే.

బాబెట్ కునిగుండ ఇంటి తలుపు తీసింది. బల్ల మీద సగం అల్లిన రొట్టెల బుట్ట ఉంది. ముందు కూర్చుని ఒక వరస వేసింది. అల్లిక ఎడమకు పోయింది. ఏడుస్తూనే విప్పేసింది. నిలువు పుల్లలు చెదరకుండా పైన దారంతో కట్టేసింది. కునిగుండ చేతిలో కుడికి నడిచి ఆగిపోయిన ఆ బుట్ట ఇప్పటికీ అలాగే బల్ల మీద ఉంది.