రేగడికి కోసిన టైరు

సోని సైకిలు తొక్కే అడవిని నేను అప్పటికి చూడలేదు. అక్కడ తిరిగి వచ్చిన టైర్లను మాత్రం రెండేళ్లుగా చూస్తున్నాను.

ఖమ్మంలో మా అబ్బా అబ్దుల్ సత్తార్‌కు సైకిళ్ల దుకాణం ఉంది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. బీకాం అయ్యాక, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ పగలంతా దుకాణంలో కూర్చునేదాన్ని. అబ్బాకు కుడి భుజం పట్టేసినప్పటి నుంచి టైరు విప్పడం, పంచరు వేయడం నా చేతికి వచ్చాయి.

సోని తిరుమలాయపాలెం దగ్గరి తండా పిల్ల. ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. గుట్టల మీద గేర్ల సైకిలు తొక్కే పోటీలకు పోయేది. వాళ్ల వ్యాయామం సారు ధన్‌సింగ్ వీలైనప్పుడల్లా పిల్లలను భద్రాచలం అవతలి అడవికి ప్రాక్టీసుకు తీసుకుపోయేవారు. తిరిగి రాగానే సోని సైకిలును మా దుకాణానికి నడిపించుకొచ్చేది. టైరు మీది బుడిపెల సందుల్లో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంటే గుట్ట ఎక్కిందన్నమాట. టైరు పక్కల సన్నటి గాట్లుంటే వెదురు మోళ్ల మధ్య దూరింది. విప్పగానే లోపలి నుంచి ఇసుక రాలితే వాగులో దిగింది. అవి చూసి, నాలుగు ప్రశ్నలడిగి, తర్వాతి సారికి టైర్లు ఎంచేదాన్ని. గట్టినేలకు పొట్టి బుడిపెలు దగ్గర దగ్గరగా ఉన్నవి, గాలి నిండుగా. ఇసుకకు వెడల్పువి, గాలి కొంచెం తగ్గించి. గులకరాళ్లకు అంచుల్లో బుడిపెలు బలంగా ఉన్నవి.

"నువ్వు దవాఖానాల డాక్టర్ లెక్కనే అక్కా," అనేది సోని. "మనిషిని చూడకుండనే మందు రాస్తవ్."

2006 ఆగస్టులో రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపిక పోటీ అదే అడవిలో పెట్టారు. అమ్మాయిల్లో మొదటి ఇద్దరికే చోటు. డిసెంబరుతో సోనికి పద్దెనిమిది నిండుతాయి. జూనియర్లలో ఆమెకు అదే ఆఖరి పోటీ. ఈసారి నన్ను కూడా రమ్మని పట్టుబట్టింది. అబ్బా కాసేపు ఆలోచించి, "నేను గూడ వస్త. భద్రాచలంల మీ మామూ ఇంట్ల పండుకుందం," అన్నారు. కొత్త బుడిపెల టైర్లు ఒక జత సంచిలో పెట్టుకున్నాం. ఆ పోటీకని సోనికి కొనగలిగింది ఆ ఒక్క జతే.

మేం భద్రాచలం చేరిన సాయంత్రం నుంచి వాన పడుతూనే ఉంది. తెల్లవారి తెరిపి ఇచ్చింది. పోటీ జరిగే ఊరి దగ్గర జీపు దిగి తల ఎత్తాను. అంతే, సంచి చేతిలో ఉన్న సంగతి కూడా మరిచిపోయాను. గుట్ట వెనక గుట్ట, దాని వెనక మరో గుట్ట, అన్నీ తడిసి నల్లగా ఉన్నాయి. చెట్ల నుంచి ఆవిరి లేచి, పైకి పోదామా వద్దా అన్నట్టు కొమ్మల దగ్గరే ఆగింది. ఒక్కో టేకాకు చేటంత ఉంది. ఎక్కడో కనపడని చోట నీళ్లు పారుతున్న చప్పుడు. ఇంత అడవిలోంచి నాకు ఇన్నాళ్లూ చేరింది గోటికింద పట్టేంత మట్టి.

"సుభానల్లాహ్," అన్నారు అబ్బా, చాలా మెల్లగా.

"ఏంది చాచా, అప్పుడే అట్లంటే ఎట్ల? ఇంకా లోపలికి పోలేదు మనం," అని నవ్వింది సోని.

దారి మూడు రకాలుగా ఉంది. మొదట పత్తి చేల పక్కన నల్లరేగడి. తర్వాత టేకు చెట్ల మధ్య గుట్ట ఎక్కాలి. అవతలి వైపు నుంచి గులకరాళ్ల మీదుగా వాగు ఒడ్డుకు దిగితే పోటీ ముగిసినట్టు. వాన పడింది కాబట్టి కొత్త టైర్లే మంచివనుకుని వాటినే వేశాను. మిగతా అమ్మాయిలూ అలాంటివే వేసుకున్నారు.

పోటీకి ఇంకా సమయం ఉందని సోని రేగడిలో కొంచెం దూరం తొక్కి చూసింది. నాలుగు చుట్లు తిరిగాయో లేదో, చక్రం రెండింతలు లావైంది. బుడిపెల మధ్య మట్టి కూరుకుపోయి, దాని మీద మళ్లీ మట్టి అంటుకుని, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు తగిలి ఆగిపోయింది. సోని దిగి నెట్టింది. కదల్లేదు.

ధన్‌సింగ్ సారు దూరం నుంచే కేకేశారు. "అందరికీ గదే బురద! భుజాన ఏసుకొని ఉరుకుడే!"

"నాకంటె గిదే బరువున్నది సార్," అంది సోని. నవ్వుతూనే అంది కానీ ముఖం వాడిపోయింది. ఆమె సన్నటి పిల్ల. ఎత్తుకుని పరుగెత్తే పోటీలో ఆమె గెలవలేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

పుల్లతో మట్టి గీకుతుంటే పక్క చేలోంచి ఒక ట్రాక్టరు వచ్చింది. నాటుకు పొలం దున్ని వస్తోంది. మా సైకిలు ఆగిన ఆ రేగడిలోనే అది నిమ్మళంగా నడిచి పోయింది. నేను గీకడం ఆపి చూశాను. దాని వెనక చక్రానికి పట్టీలు ఒకదానికొకటి జానెడు ఎడంగా ఉన్నాయి. చక్రం తిరిగేకొద్దీ మట్టి ముద్దలుగా ఊడి వెనక్కి పడుతోంది. మా టైరు బుడిపెల మధ్య నా చిటికెన వేలు కూడా పట్టదు. మట్టి ఊడి రావాలంటే దానికి సందు ఉండాలి.

"అబ్బా, కత్తి ఇయ్యి."

"ఎందుకు?"

"బుడిపెలు కోస్త. ఒకటి విడిచి ఒకటి."

అబ్బా నా ముఖంలోకి చూశారు. "పాగల్ అయినవా బేటీ? కొత్త టైరు! దుకాణంల ఎవడన్న ఇట్ల జేస్తే నేనే తరిమి కొడ్త."

ధన్‌సింగ్ సారు దగ్గరికి వచ్చారు. విన్నారు. ఆయనకు కోపం రాలేదు, భయం వేసింది. "రేగడి దాటుతది, అవ్. దిగేటప్పుడో? అవి తడి రాళ్లమ్మా. పట్టు తగ్గితే పిల్ల పడ్తది. కోసిన బుడిపె మళ్ల అతకదు."

ఆయన చెప్పింది నిజం. బుడిపెలు ఉంటే రేగడిలో ఆగుతుంది. కోస్తే రాళ్ల మీద జారుతుంది. గుట్ట పక్కగా వాగు దాకా నడిచి వెళ్లి ఆ దిగుడును చూశాను. వాగు దగ్గరి కొంచెం మేరే కనిపించింది. మిగతాది చెట్ల వెనకకు తిరిగి పోయింది. తిరిగి వచ్చి చక్రం ముందు కూర్చున్నాను. తోసేది వెనక చక్రం. మట్టి ఎక్కువ పట్టేది దానికే. దారి చూపేది ముందు చక్రం. మలుపులో పట్టు కావలసింది దాని అంచులకు.

"వెనకదాన్ని మొత్తం ఒకటి విడిచి ఒకటి కోస్త," అన్నాను సోనితో. "ముందుదానికి నడిమి వరుసల్నే కోస్త, అంచులు ముట్ట. దిగేటప్పుడు వెనక జారుతది. జారకుండ నేను జెయ్యలేను. నీ ఇష్టం."

సోని గుట్ట వైపు చూసింది.

"కొయ్యి అక్కా," అంది. "ఈడ ఆగిపోతే ఆడ జారే ముచ్చటే లేదు గద."

మొదటి బుడిపె మీద కత్తి పెట్టాను. రబ్బరు గట్టిది, కత్తి జారిపోతోంది. అబ్బా కాసేపు అటు తిరిగి నిలబడ్డారు. తర్వాత వచ్చి నా ఎదుట కూర్చుని, ఎడమ చేత్తో టైరును వంచి పట్టుకున్నారు. "అడుగు దాక కొయ్యకు. లోపలి దారాలు బయటపడ్తయ్," అన్నారు.

బురఖా అంచులు పైకి దోపుకుని గట్టు మీద నిలబడ్డాను. ఈల మోగింది. తొమ్మిదిమంది అమ్మాయిలు రేగడిలోకి దిగారు. కొంచెం దూరం పోగానే ఒక్కొక్కరి చక్రం లావెక్కింది. ఒకమ్మాయి సైకిలు దిగింది, ఇంకొకమ్మాయి దిగింది. పసుపుచొక్కా వేసుకున్న పొడుగుపిల్ల మాత్రం సైకిలును భుజాన వేసుకుని పరుగెత్తింది. సోని చక్రం తిరుగుతూనే ఉంది. నల్లటి ముద్దలు ఆమె వీపు మీదికి, తల మీదికి ఎగిరి పడుతున్నాయి. పడనీ. చక్రం ఆగలేదు. నా చేతులతో కోసిన టైరు అంత మట్టిని కాదనుకుంటూ పోతుంటే నాకు ఒళ్లు జలదరించింది.

చెట్ల దగ్గరికి పసుపుచొక్కా పిల్ల, ఆమె వెనకే సోని చేరారు. తర్వాత అడవి ఇద్దరినీ మింగేసింది.

మేం వాగు ఒడ్డుకు పరుగెత్తాం. ఎదురుచూడటం తప్ప పని లేదు. నీళ్ల చప్పుడులో మరేదీ వినపడదు. అబ్బా పెదవులు కదులుతున్నాయి, దువా చదువుకుంటున్నారు. పసుపుచొక్కా పిల్ల చెట్లలోంచి దిగడం మొదలుపెట్టింది, బ్రేకులు కిర్రుమనిపిస్తూ, అడుగు అడుగుకూ ఆగుతూ. ఆమె వెనక ఎవరూ లేరు.

అప్పుడు సోని వచ్చింది.

ఆమె దిగలేదు, పారింది. మలుపు దగ్గర వెనక చక్రం జారింది. పడిపోయిందనే అనుకున్నాను. ఆమె దాన్ని ఆపలేదు. జారనిచ్చింది. ముందు చక్రం అంచు మీద ఒరిగి, పక్కకు జారిన వెనక చక్రంతోనే మలుపు తిరిగింది. మళ్లీ జారింది, ఈసారి ఇటువైపు. మళ్లీ అంతే. రాళ్లు టపటపా ఎగిరాయి. రెండేళ్లుగా జారకుండా ఉండే టైర్ల కోసమే నేను వెతికాను. జారడాన్ని దారిగా చేసుకునే మనిషి ఉంటుందని నాకు తట్టలేదు.

పసుపుచొక్కా పిల్ల వెనకే, సైకిలంత దూరంలో సోని గీత దాటింది. రెండో స్థానం. ధన్‌సింగ్ సారు ఎగిరి గంతేసి బురదలో కూర్చున్నారు.

"జారింది గదా?" అని అడిగాను, నీళ్ల సీసా ఇస్తూ.

"మస్తు జారింది. మొదటిసారి జారంగనే పాణం పోయింది. రెండోసారికి యాడ జారుతదో ముందే ఎరుకైంది." బురద ముఖంలో పళ్లు మాత్రమే తెల్లగా కనిపించాయి. "రా అక్కా, పైకి పోదం. చూపిస్త."

ఇద్దరం నడిచి ఎక్కాం. సోని ముందు, నేను చెట్టూ పుట్టా పట్టుకుంటూ వెనక. పైకి చేరి తిరిగి చూశాను. కాళ్ల కింద దారి లేదు. తడి రాళ్లు, వేర్లు, అడుగున ఎక్కడో దారమంత వాగు. అబ్బా టోపీ తెల్లటి చుక్కలా ఉంది. చుట్టూ కనుచూపు మేరా అడవి.

"ఇక్కడినుంచా?" అన్నాను.

"అవ్. ఈడికెల్లే."

అక్కడే బండ మీద కూర్చుండిపోయాను. సోని నా పక్కన కూర్చుని, చెవిలో ఇరుక్కున్న రేగడిని వేలితో తీసుకుంటోంది.