పన్నెండున్నరకు వాయిదా

మా కౌలాలంపూర్ షేర్ బజారుకు పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా భోజన విరామం. దాన్ని ఎత్తేయాలని, బజారు మీద అజమాయిషీ చేసే సర్కారు కమిషన్ వాళ్లకు బుద్ధి పుట్టింది. డబ్బుకు ఆకలి వేయదట! ముప్పై ఏళ్లుగా బ్రోకర్‌గా ఉన్న నాకు ఒళ్లు మండింది.

నాకన్నా ఎక్కువ భయపడింది సల్బియా. మా ఆఫీసు కింద అన్నం, కూరలు అమ్మే ఈ పెద్దావిడను అందరం మలయ్‌లో మక్‌చిక్, అంటే పిన్నిగారు, అని పిలుస్తాం. ఆ రెండు గంటల్లో మెట్లు దిగే బ్రోకర్లే ఆవిడకు బేరం. మేం పైనే బిస్కెట్లు కొరుక్కుంటూ కూర్చుంటే కొట్టు మూసుకోవాల్సిందే.

అందరి అభిప్రాయాలూ వినడానికి కమిషన్ అధికారి రోస్మలిజా మా మేడమీది హాల్లో సభ పెట్టారు. మక్‌చిక్ పేరు కూడా ఇప్పించి, వారం రోజులు ఆవిడ చేత మాటలు వల్లె వేయించాను. ముందు మాట్లాడిన పెద్దమనుషులు మైకు వదిలితేనా! ఆవిడ వంతు వచ్చేసరికి పన్నెండు ఇరవై తొమ్మిది.

"అందరికీ సలాం," అని గోడ గడియారం చూసింది. "అయ్యో, చేపల పులుసు పొయ్యి మీదుంది! జనం వచ్చేస్తారు!"

మైకు నా చేతిలో పెట్టి పరుగెత్తింది. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? బ్రోకర్లంతా లేచి ఆవిడ వెనకే దిగారు.

"చువా గారూ, మీవాళ్లంతా ఏరీ?" అన్నారు అధికారి.

"అన్నానికండీ," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్న ఒక్క అవకాశం కాస్తా పులుసులో కలిసింది.

కిందికి వెళ్లి ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "మూడు నిమిషాలు ఆగలేకపోయారా మక్‌చిక్?"

"పులుసు మాడితే నువ్వు తింటావా? పక్కకు జరుగు, వెనక ఎవరో ఆకలితో ఉన్నారు."

వెనక పళ్లెం పట్టుకుని రోస్మలిజా!

ఆమె మా బల్ల దగ్గరే కూర్చున్నారు. ఎదురుగా నా ఖాతాదారు తెయో కంగారుతో ఊగిపోతున్నాడు. ఏదో పుకారు విని, ఉన్న షేర్లన్నీ అమ్మేయమని పొద్దున్నుంచి ఒకటే గొడవ.

"ముందు తిను నాయనా," అని మక్‌చిక్ ఇంకో చేప వేసింది.

పళ్లెం ఖాళీ అయ్యాక తెయో చల్లబడ్డాడు. "అమ్మొద్దులే చువా. ఎవడో ఏదో అంటే నేనెందుకు బెదిరిపోవడం?"

రోస్మలిజా తినడం ఆపి అది విన్నారు.

రెండున్నరకు సభ మళ్లీ కూడింది. ఆమె లేచి అంతదాకా జరిగింది చదివారు: "పన్నెండున్నరకు భోజన విరామం ఇచ్చి..." అక్కడ ఆగిపోయారు. హాలంతా గొల్లుమంది. ఆమె కూడా కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మళ్లీ మైకు ఇస్తే మక్‌చిక్ వల్లె వేసిందంతా మరిచిపోయి, "కూర బాగుందా అమ్మా?" అని మాత్రం అడిగింది.

నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. విరామం యథాప్రకారం ఉంటుంది. చదివి వినిపిస్తే మక్‌చిక్ కళ్లొత్తుకుంది.

"అంటే నా కొట్టు ఉంటుందా?" అని రెండుసార్లు అడిగింది.

ఉంటుందని రెండుసార్లూ చెప్పాను.