ఊఁ కొట్టిన పాపం

ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మైథిలికి ఊఁ కొట్టే అలవాటు. వింటున్నానని తెలియజెయ్యడమే తప్ప అందులో ఇంకేమీ లేదు. గుంటూరు మనిషికి అది విడమర్చి చెప్పనక్కర్లేదు. "నీ ఊఁలు నమ్మి ఎవడో ఒకడు నిన్ను ఇరికిస్తాడే, సీరియస్లీ," అని మొగుడు రాజ్‌కిరణ్ ఆటపట్టిస్తుంటాడు.

ఆమె ఐర్లండ్‌లోని డ్రోహెడాలో డాక్టరు. ఆ శనివారం పడమటి తీరంలో ఒక విమానాశ్రయానికి వెళ్ళి, సెలవు పెట్టిన డాక్టరుకి బదులు కూర్చుంది. మధ్యాహ్నం చమురు కోసం చిన్న తెల్ల విమానం ఒకటి దిగింది. లోపల రోగి ఉన్నాడు, ప్రయాణానికి పనికొస్తాడేమో చూడమని కబురొచ్చింది.

మైథిలి మెట్లెక్కి లోపలికి తొంగిచూసింది. స్ట్రెచరుకి కట్టేసిన మనిషి. తలకి నల్ల ముసుగు, చెవులకి మూతలు, అంత మనిషికీ పసిపిల్లల డైపరు. నాడి చూద్దామని మణికట్టు పట్టుకుంటే అతని వేళ్ళు తడుముకుంటూ వచ్చి ఆమె చూపుడువేలిని పట్టుకున్నాయి. మరి వదల్లేదు.

ఇతను రోగి కాడు, ఎవరో గుట్టుగా దేశాలు దాటిస్తున్న ఖైదీ. పనికిరాడని తను ఒక్క మాటంటే ఇక్కడే దించాలి.

స్ట్రెచరు పక్కన సూట్లు వేసుకున్న ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకతను కాగితం చూసి ఎంతో మర్యాదగా చదవసాగాడు.

"మత్తు ఇచ్చాం డాక్టర్, బీపీ బాగుంది."

"ఊఁ," అంది మైథిలి, ఎలా కాదనాలో వెతుక్కుంటూ.

"ఊపిరి సరిగ్గా ఉంది."

"ఊఁ."

"ప్రయాణం చెయ్యొచ్చు."

"ఊఁ."

టక్కున ఏదో నొక్కిన చప్పుడు.

"కుదరదు. ఇతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, దించండి," అంది మైథిలి.

అతను అరచేతిలోని రికార్డరు వినిపించాడు. ఊఁ. ఊఁ. ఊఁ. ఆమె గొంతే, ఇంట్లో వంట చేస్తూ కబుర్లు వినే గొంతు.

"మూడింటికీ ఒప్పుకున్నారు. థాంక్యూ."

"అది ఒప్పుకోవడం కాదు, వింటున్నానని," అంది. ఏడుపొచ్చేసింది. ఆ సంగతి అక్కడెవరికి కావాలి? రెండోవాడు వచ్చి ఆమె వేలి మీంచి ఖైదీ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. ఆమెను మెట్లు దించి తలుపు వేశారు.

రన్‌వే పక్కనే నిలబడి గార్డ్స్‌కి ఫోన్ చేసింది. పోలీసులే కదా, ఆపుతారనుకుంది.

"ఆయన పేరేంటి డాక్టర్?" అడిగాడు అవతలివాడు.

ఏ రోగినైనా మొదట అడిగేది పేరే. ఇవాళ అడగలేదు.

"తెలీదు."

"ఎవరి విమానం?"

"తెలీదు."

విమానం కదిలింది. చక్రాలు నేల వదిలాయి.

"వెళ్ళొచ్చని ఎవరు చెప్పారు?"

మైథిలి నోరు తెరిచి, తన పేరు చెప్పింది.