మిల్లు జట్టు లెఫ్ట్ బ్యాక్

నేను నరసరావుపేటలో విత్తనాల వ్యాపారం చేస్తున్నాను. సాగరు కాలవ నీళ్లు వస్తాయని రైతులంతా వరి విత్తనం కోసం ఎగబడుతున్నారు. ఏ సరుకు తెచ్చిపెట్టాలో, ఏది ముట్టుకోకూడదో చూసుకోవడమే నా పని. వ్యాపారికి ఒక అలవాటు పడిపోతుంది. అయిపోయినవాటిని కూడా తక్కెడలో వేసి చూస్తాడు. ఫుట్‌బాల్ ఆడిన నా వయసునంతా నేనలాగే చూస్తుంటాను. పోయింది ఏమిటంటే కుడికాలి బొటనవేలి గోరు, ఎడమ మోకాలు, సాగరు ప్రాజెక్టులో దొరకబోయిన ఉద్యోగం. మిగిలింది ఏమిటంటే కాటా పని, మనిషి ఎటు అడుగు వేస్తాడో ముందుగా చూసే కన్ను. ఆ కన్ను ఒక్కసారి నన్ను మోసం చేసింది. ఆ సంగతే చెబుతాను.

మిషన్ బడిలో ఆట నేర్చుకున్నాను. బడి అయిపోయిన ఏడే నాగభూషణరావు గారు నన్ను తన నూనెమిల్లుకు తీసుకున్నారు. ఆయనకు ఆట తెలియదు. గురజాల మిల్లువాళ్లకు జట్టు ఉంది కాబట్టి తనకూ ఉండాలి, అంతే. ఆటగాళ్లందరికీ మిల్లులో ఏదో ఒక పని ఇచ్చేవారు. నాకు కాటా దగ్గర వేరుశనగ బస్తాలు తూచే పని. మా నాన్న యేసుపాదం అదే మిల్లు గేటు దగ్గర కాపలా. మా అమ్మ గ్రేసమ్మ మిల్లు దొడ్లో కూర్చుని వేరుశనగ గుళ్లు ఏరేది. మిల్లు గోడను ఆనుకుని ఉన్న గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. అంటే మా తిండీ, మా గూడూ, నా ఆటా ఒక్క చోటే కట్టేసి ఉన్నాయి. ఒకే కొట్టులో సరుకంతా పెట్టడం ప్రమాదమని అప్పటికి నాకు తెలియదు.

మా జట్టులో నేను లెఫ్ట్ బ్యాక్. కాళ్లకు బూట్లు లేవు. చీలమండలకు పాత చీర పేలికలు చుట్టుకుని ఆడేవాళ్లం. వాన పడితే తోలు బంతి నానిపోయి రాయిలా అయ్యేది. దాన్ని తలతో ఆపితే సాయంత్రం దాకా చెవిలో హోరు. పిడుగురాళ్ల, సత్తెనపల్లి, గురజాల, ఎక్కడ షీల్డు పోటీ పెడితే అక్కడికి మిల్లు లారీలో వెళ్లేవాళ్లం. గోలు కొట్టిన సుబ్బరత్నాన్ని జనం భుజాల మీద ఎత్తుకునేవారు. అవతలివాళ్లు కొట్టలేకపోయిన గోల్స్ ఎన్నో ఎవరికి గుర్తుంటాయి? ఆపినవాడి పని కనపడదు. తప్పినప్పుడు మాత్రం ఊరంతటికీ కనపడుతుంది.

మిల్లులో ఒక ఆచారం ఉండేది. దసరాకు ఇంజనుకూ గానుగలకూ కాటాకూ కుంకుమ పెట్టి ఆయుధపూజ చేసేవారు. పూజ కాగానే రావుగారు పనివాళ్లను ఒక్కొక్కరినే పిలిచి తమలపాకులు, వక్క, అరటిపండు, మీద ఒక కొత్త పంచె పెట్టి ఇచ్చేవారు. ఆ తాంబూలం పట్టినవాడు మళ్లీ దసరా దాకా ఆయన మనిషి. కాగితం లేదు, సంతకం లేదు. అయినా ఆ మధ్యలో వదిలిపోయినవాణ్ణి బజారులో ఇంకే షావుకారూ గడప తొక్కనిచ్చేవాడు కాదు. మేము కిరస్తానీలం కనుక ప్రసాదం తినేవాళ్లం కాదు కానీ తాంబూలం మాత్రం పట్టేవాళ్లం. ఆకులు మా అమ్మ మేకకు వేసేది. పాస్టరు గారు ఒకసారి అడిగితే, "పంచె కట్టుకుంటానికి ఏ దేవుడూ అడ్డం చెప్పడులెండి" అంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పాలేళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. కొడుకు బదులు తండ్రి చెయ్యి చాచినా కొడుకు పట్టినట్టే.

యాభై ఎనిమిదిలో విజయపురి సౌత్ నుంచి కరీముల్లా వచ్చాడు. అక్కడ సాగరు ఆనకట్ట పని జోరుగా సాగుతోంది. కరీముల్లా వర్క్‌షాపులో మెకానిక్, ప్రాజెక్టు జట్టుకు గోల్‌కీపరు, కెప్టెనూ. సత్తెనపల్లిలో నా ఆట చూశాడట. స్టేషను దగ్గర టీ బంకులో కూర్చోబెట్టి నేరుగా విషయంలోకి వచ్చాడు.

"మా లెఫ్ట్ బ్యాక్ పెళ్లి చేసుకుని ఒళ్లు పెంచాడు తమ్ముడూ. పరిగెత్తమంటే సాకు మీద సాకు చెబుతన్నాడు. మా ఇంజనీరు గారికి నీ సంగతి చెప్పా. వర్క్‌షాపులో హెల్పరు పని, రేకుల క్వార్టరు, బూట్లు. రెండేళ్లు గట్టిగా నిలబడితే పర్మనెంటు."

"మా వాళ్లనీ తీసుకురావచ్చా అన్నా?"

"క్వార్టరు నీదే. మేకని కూడా తెచ్చుకో. కానీ ఒకటి. ఈ దసరాకి ఆ ఆకులు పట్టబాక. మాకు ఏ మిల్లు ఓనరుతోనూ తగాదా వద్దు. గుంటూరులో పెద్దమనుషులంతా ఒకళ్లకొకళ్లు చుట్టాలే."

నేను లెక్క వేసుకున్నాను. రావుగారి ఎదుట నిలబడి వద్దనడం కంటే ఆ రోజు అక్కడ లేకపోవడమే సులువు. పండగ ముందురోజు, పున్నమ్మ అత్తకు ఒంట్లో బాగాలేదట, చూసి వస్తానని చెప్పి బెల్లంకొండ వెళ్లాను. నాన్నకు అసలు సంగతి చెప్పలేదు. చెబితే భయపడతాడు, భయపడితే ముఖంలో కనపడుతుంది, రావుగారు పసిగడతారు అనుకున్నాను. అత్త నిక్షేపంగా ఉంది. జొన్న రొట్టె, గోంగూర పెట్టింది. రెండురోజులు హాయిగా పడుకున్నాను.

తిరిగి వచ్చేసరికి నాన్న గేటు దగ్గర కొత్త పంచె మడత విప్పి చూపించాడు. అలాంటి సంతోషం ఆయన ముఖంలో ఎన్నడూ చూడలేదు.

"నువ్వు లేవని ఆయన మొహం చిట్లించాడురా. మా వాడికిచ్చేది నాకియ్యండయ్యా అని నేనే ముందుకు పోయి పట్టా. లేకపోతే ఈపాటికి నీ చోటు ఇంకొకడికి పోయేది. ఎట్టా కాపాడానో చూడు."

"ఎంత పని చేశావు నాన్నా!"

"ఏందిరా? ఏం చేశా?"

చెప్పాను. ఆయన పంచె మళ్లీ మడత పెట్టాడు. నా చేతికి ఇవ్వలేదు, తన దగ్గర ఉంచుకోలేదు, గేటు పక్కన బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అమ్మ, "నోరు తెరిచి చెబితే నీ సొమ్మేం పోయేదిరా?" అంది. ఆమె అడిగింది సబబే. కానీ అప్పుడు నాకు కోపం తప్ప ఇంకేమీ లేదు. ప్రాజెక్టుకు పారిపోవచ్చు. కానీ చెయ్యి చాచింది నాన్న. నేను పోతే గేటు దగ్గర పనీ పోతుంది, గదీ పోతుంది, ఇచ్చిన మాట తప్పినవాడని ఆయనకు పేరూ వస్తుంది. ఉండిపోయాను. ఆ సంవత్సరమంతా ఆయనా నేనూ 'లారీ వచ్చింది', 'కూడు పెట్టింది' లాంటి మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

సంక్రాంతి దాటాక మా నరసరావుపేటలోనే షీల్డు పోటీ పెట్టారు. ఫైనల్లో మాకు ఎదురుపడింది ప్రాజెక్టు జట్టే. ఆట మొదలయ్యే ముందు కరీముల్లా నా పక్కకు వచ్చి కాలి పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగాడు.

"ఇంజనీరు గారు వచ్చాడు తమ్ముడూ, ఆ తెల్ల టోపీ. నువ్వు ఆట చెడగొట్టుకుంటే ఆయన నిన్ను తీసుకోడు. బాగా ఆడితే మీ రావుగారు నిన్ను వదలడు. ఎట్టా ఆడతావు?"

"బంతి వస్తే ఆపుతా అన్నా. నాకు ఇంకో ఆట రాదు."

"నీతో చచ్చే చావొచ్చిందిరా నాయనా" అని నవ్వి గోలు దగ్గరకు పోయాడు.

వాళ్ల రైట్ వింగు మద్రాసు కుర్రాడు. బూట్లు, తెల్ల మేజోళ్లు. మొదటిసారి నన్ను దాటిపోయాడు. ఎడమకు ఒరిగి కుడికి పోతాడని రెండోసారికి తెలిసింది. తర్వాత దాటలేదు. ఒకసారి బూటుతో నా బొటనవేలి మీద దిగాడు. గోరు లేచిపోయింది. పేలిక ఇంకో చుట్టు చుట్టుకుని నిలబడ్డాను. బంతిని వాడి కాళ్ల దగ్గర నుంచి తీసిన ప్రతిసారీ తెల్ల టోపీ తలాడించడం కనపడేది. దానికి ఇటువైపు గొడుగు కింద కుర్చీలో రావుగారు చేతులు చరచడం కూడా కనపడేది. ఆడినకొద్దీ నా తలుపుకు నేనే ఇంకో గడియ వేసుకుంటున్నట్టుంది. అయినా కాలు ఆగదు. చివర్లో సుబ్బరత్నం ఒక గోలు కొట్టాడు. గెలిచాం.

రావుగారు సుబ్బరత్నానికి దండ వేసి, నా భుజం మీద చెయ్యి వేసి ఇంజనీరుతో అన్నారు. "వీణ్ణి మాత్రం అడగబాకండి. మా గేటు కాపలా యేసుపాదం కొడుకు. తండ్రి గేటు కాస్తాడు, కొడుకు గోలు కాస్తాడు." చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వాడు.

లారీ ఎక్కేముందు కరీముల్లా చెప్పాడు. "వచ్చే దసరా దాకా నీ చోటు ఖాళీగా పెట్టిస్తా. ఈసారి అత్తకి జొరం, మామకి దగ్గు అని ఊళ్లు పోబాక. ఎదురుగా నిలబడి వద్దని చెప్పు. మొగాడివి కాదా? ఆ దసరా కూడా దాటిందా, మేం ఇంకొకణ్ణి చూసుకుంటాం."

ఆ మాట మోసుకుంటూ ఎండాకాలం, వానాకాలం గడిపాను. తూకం వేస్తూ ఆ రోజు అనబోయే మాటలు లోపల పదేపదే అనుకునేవాణ్ణి. మాటలు ఒక కొలిక్కి వచ్చాయి. తర్వాత గది ఏమవుతుందన్నది మాత్రం తేలలేదు. రేకుల క్వార్టరు చేతికి వచ్చేదాకా కొన్నాళ్లు అమ్మానాన్నా ఎక్కడ ఉండాలి? నాన్నను అడగాలంటే ఆ బిగుసుకుపోయిన నోరు విప్పాలి. ఆయన కూడా విప్పలేదు. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా ఎటో వెళ్లి పొద్దుగూకాక వచ్చేవాడు. ఎక్కడికని నేను అడగలేదు.

దసరా వచ్చింది. ఇంజను దగ్గర సాంబ్రాణి పొగ, కొబ్బరికాయల నీళ్లు. హమాలీలు, బండివాళ్లు, గుమాస్తాలు వరుసగా నిలబడ్డారు. నాన్న నాకంటే ముందే పట్టాడు. తన వంతు తాంబూలం చేతుల్లో పట్టుకుని పక్కకు జరిగాడు. తర్వాత రావుగారు నా పేరు పిలిచారు. వెళ్లాను. చేతులు వెనక్కు కట్టుకున్నాను.

"ఏరా, చేతులు నొప్పులా?"

"కాదండి. నేను ఈ ఏడు పుచ్చుకోనండి. ప్రాజెక్టుకు పోతానండి."

వెనక ఎవడో "ఓర్నీ" అన్నాడు. రావుగారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అంతకన్నా తెలివైన పని చేశారు. పళ్లెం అలాగే పట్టుకుని నాన్న వైపు తిరిగారు.

"యేసుపాదం, పోయినేడు వీడి బదులు నువ్వేగా పట్టింది. నీ చెయ్యి మంచిది. షీల్డు వచ్చింది. ఈసారి కూడా నువ్వే పట్టు."

నాన్న పళ్లెం వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. చేతుల్లో ఉన్న తన తాంబూలాన్ని కిందికి, పక్కనున్న బస్తా మీదికి దించాడు. ఆయన కుడిచెయ్యి ఖాళీ అయింది. ఆ చెయ్యి కొంచెం లేచింది.

మైదానంలో ఎదుటివాడి నడుము చూసి ఎటు పోతాడో చెప్పేవాణ్ణి నేను. ఆ చెయ్యి పళ్లెం కోసం లేస్తోందని చూశాను. పట్టకపోతే గేటు పోతుంది, గది పోతుంది, కాబట్టి పడతాడు. పట్టాడంటే రెండోసారి కొడుకును కట్టేసినవాడుగా బతికినంతకాలం కుమిలిపోతాడు. ఇంత లెక్కా ఒక్క క్షణంలో అయిపోయింది. కట్టేది ఎలాగూ తప్పనప్పుడు, ఆ బరువు ఆయన మీద ఎందుకు? నాన్నకూ పళ్లానికీ మధ్యలోకి అడుగు వేసి నా రెండు చేతులూ చాచాను.

"నేనే పడతానండి."

"అదీ మాట" అన్నారు రావుగారు. తాంబూలం నా చేతుల్లో పడింది. తర్వాతివాడి పేరు పిలిచారు.

నేను దొడ్డివైపు వేరుశనగ పొట్టు కుప్పల వెనక్కు వెళ్లి కూర్చున్నాను. కొంచెంసేపటికి నాన్న వచ్చాడు. ఏడాది తర్వాత అసలైన మొదటి మాట ఆయనే అన్నాడు.

"ఎందుకు పట్టావురా?"

"నువ్వు పడతన్నావుగా."

"నేనా? పళ్లెం పక్కకి తోసేద్దామని చెయ్యెత్తా. నాది కూడా తిరిగిచ్చేద్దామనే బస్తా మీద పెట్టా."

ఆయన పొట్టు మీద చతికిలపడ్డాడు.

"ఆదివారాలు ఎక్కడికి పోయాననుకున్నావు? బెల్లంకొండకే. మీ అత్త దొడ్లో పాక వేసుకోమంది. గుంజలు పాతాం. తాటాకు కూడా కోయించి ఎండబెట్టా. మీ అమ్మకీ తెలుసు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా నాన్నా."

"పోయినేడు నువ్వు చెప్పావా?"

ఇంజను గదిలో ఇంకా పేర్లు పిలుస్తున్నారు. ఇప్పుడు వెళ్లి తాంబూలం వెనక్కు ఇచ్చేయవచ్చా అని ఇద్దరం ఆలోచించాం. పట్టింది నా చేతులు, అందరి ముందూ. వెనక్కు ఇచ్చినవాడు ఈ బజారులో ఎవడూ లేడు. కరీముల్లా అయితే తగాదాతో వచ్చినవాణ్ణి గేటు లోపలికి రానివ్వడు. ఆ వారమే ప్రాజెక్టుకు ఒంగోలు నుంచి ఇంకో బ్యాక్‌ను తీసుకున్నారని తర్వాత తెలిసింది. నేను ఇంకో మూడు దసరాలు మిల్లుకే ఆడాను. మోకాలు పోయింది, రావుగారికి షీల్డుల మోజూ పోయింది. జట్టు ఎత్తేశారు.

ఆ రోజు పొట్టు కుప్పల వెనక నుంచి లేస్తూ నాన్న అడిగాడు.

"ఆ తాటాకు ఏం చెయ్యమంటావురా? కోయించింది కోయించా, వానొస్తే కుళ్లిపోద్ది."

"పాకలు వేసుకునేవాళ్లు ఎవరన్నా ఉంటారులే" అన్నాను. "అమ్మేద్దాం."

ఆదివారం ఇద్దరం బెల్లంకొండ వెళ్లాం. నేను ఇంటింటికీ తిరిగి అడిగాను, నాన్న మోపులు కట్టాడు. సాయంత్రానికి ఒక్క ఆకు మిగల్లేదు. నేను సొంతంగా అమ్మిన మొదటి సరుకు అదే.