చెరపకుండా వదిలిన వాక్యం

నేను ఒక మైనపు పలకను. పాతకాలపు రోమ్ నగరంలో ఒక వడ్రంగి రెండు దేవదారు చెక్కలను లోతుగా తొలిచి, నల్లరంగు కలిపిన మైనం పోసి, పుస్తకంలా దారంతో కట్టాడు. ఇనుప గంటంతో గీస్తే ఉత్తరం, గంటం వెనకవైపుతో రుద్దితే మళ్ళీ ఖాళీ. ఊళ్ళోవాళ్ళకు రాస్తే, వాళ్ళు దాన్ని చెరిపి నామీదే జవాబు రాసి పంపేవారు. అందుకే మనుషుల పొగడ్తల ఆయుష్షు నాకు బాగా తెలుసు.

నన్ను కొన్నది కల్వెంటియస్ అనే సభాసదుడు. ఆయన తమ్ముణ్ణి రాజకీయపు గొడవల్లో దేశం నుంచి వెళ్ళగొట్టారు. దూరపు దీవిలో అతను జ్వరంతో మంచం పట్టాడు. అతణ్ణి వెనక్కి పిలిచే తీర్మానం మర్నాడే సభకు రానుంది. సభలో పలుకుబడి ఉన్న బెల్లీనస్ లేచి కాదన్నాడంటే ఇక అంతే. ఆ బెల్లీనస్‌కూ ఈయనకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

కల్వెంటియస్ చెబుతుంటే లేఖకుడు రాస్తున్నాడు. ముందు అవతలివాడి పేరు, ఆ తర్వాతే తన పేరు. అర్థించేవాడి పద్ధతి అది. తర్వాత "మీరు కులాసా అయితే సంతోషం, నేనూ కులాసా." మీ ఉభయకుశలోపరి లాంటిదే. ఆపైన "రోమ్‌కు వెలుగైన మహానుభావా" అనేసరికి, ఉన్ని వడుకుతున్న భార్య నోవెల్లియా కిసుక్కున నవ్వింది.

"మొన్న సభలో ఆయన్ని గుడ్లగూబ అన్నారుగా. ఇవాళ వెలుగైపోయాడా?"

"అడిగేటప్పుడు ఆ మాత్రం పొగడాలే!"

"వెక్కిరిస్తున్నారనుకుంటాడండీ. మా మరిది ప్రాణం మీదికొస్తుంది. చివర ఒక్క ముక్కయినా మీ చేత్తో రాయండి."

స్వహస్తంతో రాయడం ఆప్తులకిచ్చే గౌరవం. శత్రువుకు ఇవ్వాలంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. పొగడ్త అలాగే ఉంచాడు గానీ, గంటం అందుకుని వంకర అక్షరాలతో రాశాడు: "వాడికి చలి పడదు. వాణ్ణి ఎత్తుకు పెంచింది నేనే."

బెల్లీనస్ భోజనం దగ్గర నన్ను విప్పాడు. "ఇన్నాళ్ళకి ముసలాడికి కళ్ళు కనబడ్డాయిరోయ్!" అంటూ వెలుగునూ మహానుభావుణ్ణీ కలిపి రుద్దేశాడు. పైనుంచి చెరుపుకుంటూ చివరి వాక్యం దాకా వచ్చి ఆగిపోయాడు. దాన్ని ముట్టకుండా, కిందనే తన చేత్తో రాశాడు: "అడ్డుపడను. రేవులో ఈదురుగాలి ఎక్కువ. మందపాటి దుప్పటి పంపించు."

మర్నాడు సభలో ఆయన నోరు మెదపలేదు. రాజకీయాల్లో అదీ ఒక మర్యాదే. తీర్మానం నెగ్గింది. ఆ పై వారం నుంచి ఇద్దరూ యథాప్రకారం తిట్టుకున్నారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో, గాజుపెట్టెలో ఉన్నాను. మైనమంతా రాలిపోయింది, ఒక్క అక్షరమూ మిగల్లేదు. పోతే పోనీ. ఆ చలికాలం ఒక మనిషి ఇల్లు చేరి, తన వాకిట్లో చెప్పులు విప్పుకున్నాడు.