లింబాద్రి విజిల్ చూసిన బేస్‌బాల్ సీజన్

నేను ఒక కండక్టర్ మెడలో బతికిన ఇత్తడి విజిల్‌ని. హైదరాబాదులోని ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. పైన నికెల్ పూత, లోపల శనగగింజంత బెండు ఉండ. ఆర్టీసీ కండక్టర్ లింబాద్రితో ఇరవై ఆరేళ్లు భీమ్‌గల్–నిజామాబాద్ బస్సులో తిరిగాను. రిటైరైన రోజున ఆయన టికెట్ల సంచి డిపోలో అప్పగించాడు గానీ, నన్ను మాత్రం మరిచిపోయినట్టు నటించి ఇంటికి తెచ్చుకున్నాడు. మనుషులు ఉద్యోగాన్ని వదిలిపెడతారు, దాని చప్పుడును వదల్లేరు.

ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషిని చూసి భార్య సాయమ్మకు విసుగొచ్చింది. "జర అటు పోయి తిరిగొస్తే ఏమైతది" అంది. అలా వెళ్లిన పూట, జూనియర్ కాలేజీ మైదానంలో ఆడపిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు. బంతిని కొట్టాలి, మూడు మూలల్లోని బేసులూ తాకి, బయలుదేరిన చోటికే చేరాలి. అప్పుడే ఒక పరుగు. "అచ్చం మన బస్సు ట్రిప్పు లెక్కనే ఉన్నది" అని లింబాద్రి మురిసిపోయాడు. మర్నాడూ వెళ్లాడు. నెల తిరిగేసరికి ఆ జట్టుకున్న ఒకే ఒక అభిమాని ఆయనే.

ఆ ఏడాది మొదటి రెండు ఆటలూ ఓడారు. జగిత్యాలలో వాన తుంపరలో గెలిచారు. కామారెడ్డిలో, బంతి విసిరే నవనీత చేతిలోకొచ్చిన క్యాచ్‌ను జారవిడిచింది. అయినా గెలుపు వాళ్లదే. వరసగా అయిదు ఆటలు అలాగే గెలిచారు. ఏ ఊళ్లో ఆడినా లింబాద్రి వెంట వెళ్లి, పిల్లలు పరుగు పూర్తిచేసినప్పుడల్లా నన్ను ఊదేవాడు. బస్సులో ఎన్నడూ అంత ఊపిరి నాకు పోయలేదు.

కరీంనగర్‌లో సెమీఫైనల్. చివరి ఇన్నింగ్స్‌లో మావాళ్లు ఒక్క పరుగు వెనకబడ్డారు. మూడో బేసు మీద నవనీత ఉంది. బంతి బ్యాటుకు తగిలింది, ఆమె పరుగందుకుంది. సంతోషం పట్టలేక, ఆమె చేరకముందే లింబాద్రి నన్ను గట్టిగా ఊదేశాడు. ప్రాక్టీసులో డ్రిల్ సారు విజిల్ వేస్తే ఎక్కడివాళ్లక్కడ ఆగాలి. ఆ అలవాటుకొద్దీ నవనీత కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఆలోగా బంతి వచ్చేసింది. ఆమె ఔట్, అదే చివరి ఔట్. ఆట పోయింది.

ఇంటికొచ్చి లింబాద్రి నన్ను గడప పక్కనున్న మూతలేని రేకుపెట్టెలో పడేశాడు. పన్నెండు రోజులు మైదానం వైపు తొంగిచూడలేదు. సాయమ్మ అడిగితే మోకాళ్ల నొప్పులన్నాడు.

పదమూడో రోజు సాయంత్రం నవనీతే వచ్చింది.

"తాతా, వస్తలేవేంది?"

"ఏ మొకం పెట్టుకొని రావాలె బిడ్డా? నా వల్లనే మీరు ఓడిండ్రు."

"నీ విజిల్‌కు ఆగలే. నా కాలు మడతపడ్డది."

"అబద్ధం చెప్పకు. నేను చూసిన."

ఆమె గడప మీది ముగ్గు వైపు చూసింది. "సరే, విజిల్‌కే ఆగిన. కానీ మీరు ఓడిండ్రు అనకు తాతా. మనం ఓడినం."

లింబాద్రి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఇద్దరూ ఆ సీజన్‌ను మొదటి ఆట నుంచి తవ్వుకుంటూ కూర్చున్నారు. జగిత్యాల వానలో ఎవరు జారిపడ్డారో ఆయన చెప్పాడు. కామారెడ్డిలో క్యాచ్ ఏ చేతిలోంచి జారిందో కూడా చెప్పాడు.

"అది గూడ యాదికున్నదా నీకు?" అని నవనీత పకపకా నవ్వింది. సాయమ్మ పెట్టిన చాయ్ చల్లారిపోయింది. మాటలు కరీంనగర్ ఆట దాకా వచ్చినా ఆయన చెప్పడం ఆపలేదు.

మర్నాడు నన్ను పెట్టెలోంచి తీశాడు. ఊదడానికి కాదు, గోడ మేకుకు తగిలించడానికి. మైదానంలో ఇప్పుడు చప్పట్లే కొడతాడట. నా లోపలి బెండు ఎండిపోయింది, ఊదినా ఉత్త గాలే వస్తుంది. మైదానం నుంచి వచ్చి ఆయన చొక్కా విప్పి నా మీదే తగిలిస్తాడు. చెమట వాసన, ఎర్రమట్టి వాసన. గెలిచి వచ్చాడో ఓడి వచ్చాడో ఆ వాసనను బట్టి నేను ఏనాడూ పోల్చుకోలేకపోయాను.